రెండో ఆట లేని వ్యాపారం: ఫైట్ల పే-పర్-వ్యూ అమ్మకాలను అంచనా వేయడం

సీడెడ్‌కు, అంటే రాయలసీమ ప్రాంతానికి, సినిమా కొనే పంపిణీదారు సినిమా చూసి కొనడు. చాలాసార్లు షూటింగ్ సగంలో ఉండగానే బేరం కుదిరిపోతుంది. అప్పటికి అతని చేతిలో ఉండేది హీరో పేరు, దర్శకుడి పేరు, పాత లెక్కల పుస్తకం. ఈ హీరో గత మూడు సినిమాలకు తిరుపతిలో మొదటి రోజు ఎంత వచ్చింది, చిత్తూరులో ఎంత, శ్రీకాళహస్తిలో ఎంత, పలమనేరులో ఎంత అన్నది ఆ పుస్తకంలో ఉంటుంది. విడుదల సంక్రాంతికా, పరీక్షల రోజుల్లోనా, పక్కన ఎవరి సినిమా వస్తోంది అని బేరీజు వేసుకుని ఒక అంకె చెబుతాడు. (చరిత్రలో దత్తమండలాలకూ చిత్తూరుకూ ఉన్న సంబంధం ఎంత అన్నది వేరే చర్చ. సినిమా లెక్కల్లో మాత్రం తిరుపతి, చిత్తూరు సీడెడ్ కిందికే వస్తాయి.) సినిమా బాగుంటుందా లేదా అన్నది ఆ రోజుకు ఎవరికీ తెలియదు. మొదటి రోజు టికెట్టు కొనేవారికీ తెలియదు కాబట్టి, ఓపెనింగ్స్ వరకు ఆ తెలియకపోవడం వల్ల పెద్ద నష్టం లేదు.

అమెరికాలో మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ (గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు అన్నీ చెల్లే పోరు) పోటీలకు పే-పర్-వ్యూ అమ్మకాలను అంచనా వేసేవారు ఏళ్ల తరబడి చేసిన పని అచ్చం ఇదే. కాకపోతే సీడెడ్ పంపిణీదారుకు ఒక ఊరట ఉంది. శుక్రవారం ఉదయం ఆట వదిలాక టాక్ బయటికి వస్తుంది. టాక్ బాగుంటే మొదటి రోజు తక్కువ వచ్చినా రెండో వారం గట్టెక్కిస్తుంది. ఫైటుకు రెండో వారం లేదు, రెండో ఆట కూడా లేదు. చివరి గంట మోగాక ఆ సరుకును కొనేవాడు ఉండడు. ఎంత అద్భుతంగా పోరాడినా ఆ రాత్రి లెక్కలో ఒక్క డాలరు కూడా పెరగదు. కనుక ఇక్కడ అంచనా వేయాల్సింది పోటీ ఎలా ఉంటుందని కాదు, జనం దాన్ని ఎలా ఊహించుకుంటున్నారని. ఈ సంగతి మరిచిపోయిన అంచనాలన్నీ దారి తప్పాయి.

పే-పర్-వ్యూ అంటే నెల చందాకు అదనంగా ఒక్క రాత్రి కార్యక్రమానికి విడిగా డబ్బు కట్టించుకునే పద్ధతి. తెలుగువారికి దీనికి దగ్గరగా ఎదురైన అనుభవం 2020 లాక్‌డౌన్ నాటిది. థియేటర్లు మూతపడ్డప్పుడు రామ్‌గోపాల్ వర్మ తన చిన్న సినిమాలను ఆన్‌లైన్‌లో పెట్టి, చూడాలంటే సినిమాకు ఇంత అని వంద, రెండు వందలు వసూలు చేశారు. అమెరికాలో బాక్సింగ్, ప్రొఫెషనల్ రెజ్లింగ్ దశాబ్దాలుగా ఈ పద్ధతి మీదే బతికాయి. 1993 నవంబరు 12న డెన్వర్‌లో పుట్టిన మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ సంస్థ యూఎఫ్‌సీ కూడా మొదటి రాత్రి నుంచే ఇదే దారి పట్టింది. 2001లో ఫెర్టిట్టా సోదరులు ఆ సంస్థను 20 లక్షల డాలర్లకు కొని డేనా వైట్‌ను అధ్యక్షుడిగా పెట్టారు. 2016లో సుమారు 400 కోట్ల డాలర్లకు అమ్మారు. ఆ పదిహేనేళ్ల ఎదుగుదలకు పే-పర్-వ్యూ డబ్బే ప్రధాన ఇంధనం.

ఈ అంచనా ఎందుకు కష్టమో తెలియాలంటే 2018 సంవత్సరాన్ని చూస్తే చాలు. ఆ ఏడాది మే నెలలో రియోలో జరిగిన యూఎఫ్‌సీ 224ను కొన్నవారు 85 వేల ప్రాంతంలో ఉంటారని అంచనా. అమాండా నూనెస్ తన ఛాంపియన్ బెల్టు నిలబెట్టుకున్న పోటీ అది. అదే ఏడాది అక్టోబరు 6న లాస్ వెగాస్‌లో ఖబీబ్ నుర్మగొమెడోవ్, కానర్ మెక్‌గ్రెగర్ తలపడిన యూఎఫ్‌సీ 229కు 24 లక్షల కొనుగోళ్లు వచ్చాయి. సంస్థ ఒకటే, బోను అదే ఎనిమిది మూలల బోను, రెండింటిలోనూ ఛాంపియన్‌షిప్ ఉంది. అమ్మకాల్లో తేడా మాత్రం ఇరవై ఎనిమిది రెట్లు.

తిరుపతిలో జనాన్ని అంచనా వేయడం అనగానే గుర్తొచ్చేది కొండ. మామూలు రోజున తిరుమలలో ఎంతమంది దర్శనం చేసుకుంటారో బస్టాండు దగ్గర ఆటో నడిపేవారు కూడా చెప్పగలరు: అరవై, డెబ్బై వేలు. వారాంతాల్లో, వేసవి సెలవుల్లో ఎనభై వేల దాకా వెళ్తుంది. వైకుంఠ ఏకాదశి, బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ ఏ రోజున పడతాయో పంచాంగంలోనే ఉంటుంది. ఇక్కడ అంచనా పెద్దగా తప్పకపోవడానికి క్యాలెండరు ఒక కారణం. అసలు కారణం ఇంకొకటి: గర్భాలయం ముందు నుంచి గంటకు ఇంతమందే కదలగలరు. జనం ఎంత పెరిగినా దర్శనాల అంకెకు ఒక కప్పు ఉంది. మిగిలినవారు కంపార్టుమెంట్లలో వేచి ఉంటారు, లేదా మరునాటి లెక్కలోకి వెళ్తారు. సినిమా హాలుకూ అంతే, సీట్లు నిండాక బోర్డు పెట్టేస్తారు. పే-పర్-వ్యూకు ఆ కప్పు లేదు. ఇంట్లో టీవీ ఉన్న ప్రతివారూ కొనవచ్చు. అందువల్ల బాగా అమ్ముడైన రాత్రి మామూలు రాత్రికి రెట్టింపు దగ్గర ఆగదు, పది రెట్ల మీదికి ఎగబాకుతుంది.

కప్పు లేని చోట సగటు అబద్ధం చెబుతుంది. ఊరికే లెక్క కోసం అనుకుందాం: ఏడాదికి పన్నెండు కార్డులు (ఒక రాత్రి జరిగే పోటీలన్నీ కలిపి ఒక కార్డు), పదకొండింటికి తలా రెండున్నర లక్షలు, ఒక్కదానికి 24 లక్షలు. సగటు నాలుగు లక్షల ముప్పై వేల దగ్గర తేలుతుంది. పన్నెండింటిలో ఏ ఒక్క కార్డూ ఆ అంకె దరిదాపుల్లో లేదు. వచ్చే కార్డుకు నాలుగు లక్షలని చెప్పినవాడు పదకొండుసార్లు ఎక్కువ చెప్పినట్టు, ఒకసారి ఘోరంగా తక్కువ చెప్పినట్టు.

ఎస్వీ యూనివర్సిటీలోనో, చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలోనో డేటా సైన్స్ చదివే విద్యార్థి ఒకరు తన ప్రాజెక్టుకు ఈ విషయాన్ని ఎంచుకున్నారనుకుందాం. పట్టిక తెరిచి అడ్డు వరుసకు ఒక కార్డు చొప్పున పేర్చి, నిలువు వరుసల్లో ఏమి రాయాలి అన్నది మొదటి ప్రశ్న. ప్రధాన పోటీదారు గత అమ్మకాలు, ప్రత్యర్థి గత అమ్మకాలు, బెల్టు ఉందా, ఎన్ని బెల్టులు, ధర, తేదీ, అదే రాత్రి పెద్ద బాక్సింగ్ ఉందా, చివరి నిమిషంలో ఎవరైనా తప్పుకున్నారా. ఇంతవరకు ఎవరైనా రాస్తారు. తర్వాత ఎక్కువమంది చేసే పొరపాటు వీటిని కూడటం: బెల్టుకు యాభై వేలు, పగకు లక్ష, పండుగ వారానికి మరో యాభై వేలు. నిజానికి ఇవి ఒకదానితో ఒకటి హెచ్చవేసుకుంటాయి. అనామకుడి పోటీకి పగ తోడైనా పెద్దగా కలిసిరాదు. తారకు పగ తోడైతే కొండంత అవుతుంది. మళ్లీ లెక్క కోసమే: మామూలు కార్డు విలువ రెండున్నర లక్షలు, తార ఉంటే మూడు రెట్లు, నిజమైన వైరం ఉంటే దాని మీద ఒకటిన్నర రెట్లు అనుకుంటే పదకొండు లక్షలు దాటుతుంది. అదే వైరం తార లేని కార్డుకు తగిలితే నాలుగు లక్షల దగ్గర ఆగిపోతుంది. అందుకే అనుభవం ఉన్నవారు కొనుగోళ్ల సంఖ్యను నేరుగా వాడకుండా దాని సంవర్గమానాన్ని, ఇంటర్మీడియట్‌లో అందరూ తిట్టుకున్న ఆ లాగరిథమ్‌నే, తీసుకుని లెక్క కడతారు. హెచ్చవేత అక్కడ కూడికగా మారుతుంది, ఇరవై ఎనిమిది రెట్ల తేడా కూడా కాగితం మీద అదుపులోకి వస్తుంది.

తార అంటే ఎవరు? గెలిచేవాడు తార అనుకుంటే డెమెట్రియస్ జాన్సన్ దగ్గర లెక్క తలకిందులవుతుంది. ఫ్లైవెయిట్ (125 పౌండ్ల విభాగం) బెల్టును వరుసగా పదకొండుసార్లు నిలబెట్టుకుని యూఎఫ్‌సీలో రికార్డు నెలకొల్పినవాడు. సాంకేతికంగా అతనికి సాటి వచ్చేవారు ఏ కాలంలోనూ తక్కువే. 2014 జూన్‌లో అతను ప్రధాన పోటీదారుగా ఉన్న యూఎఫ్‌సీ 174కు 1,15,000 కొనుగోళ్లు వచ్చాయని అంచనా. రెండో వైపు బ్రాక్ లెస్నర్. రెజ్లింగ్ షోల్లో దేశమంతా ఎరిగిన ముఖం. 2008 నవంబరులో ర్యాండీ కూచర్‌తో బెల్టు కోసం తలపడేనాటికి అతని వృత్తి అనుభవం మొత్తం మూడు పోటీలు, అందులో ఒకటి ఓటమి. ఆ రాత్రి కొనుగోళ్లు పది లక్షలు దాటాయి. మరుసటి ఏడాది జూలై 11న జరిగిన యూఎఫ్‌సీ 100కు 16 లక్షలని అంచనా. టీవీలో జనం ముందే ఎరిగిన ముఖానికి ఉన్న గిరాకీ అది. నాటకరంగం నుంచి వచ్చిన గొప్ప నటుడి కంటే ఇంటింటికీ తెలిసిన ముఖానికే మొదటి రోజు టికెట్లు తెగడం తెలుగువారికి కొత్త సంగతేమీ కాదు.

సరుకు నాణ్యతకూ అమ్మకానికీ ఉన్న దూరాన్ని మహిళా ఛాంపియన్ రాండా రౌసీ పోటీలు ఇంకా సూటిగా చూపుతాయి. 2015 ఫిబ్రవరిలో క్యాట్ జింగానోను 14 సెకన్లలో ఓడించింది. ఆ కార్డుకు ఆరు లక్షల దాకా కొనుగోళ్లు. యాభై, అరవై డాలర్లు కట్టినవారు రిమోట్ కింద పెట్టేలోపు ప్రధాన పోటీ అయిపోయింది. సాధారణ బుద్ధితో ఆలోచిస్తే తర్వాతిసారి సగంమంది మానుకోవాలి. ఆగస్టులో బెత్ కొరేయాతో జరిగిన పోటీకి తొమ్మిది లక్షలమంది కొన్నారు. అది 34 సెకన్లు. నవంబరులో మెల్‌బోర్న్‌లో హాలీ హోమ్‌తో పోటీకి పదకొండు లక్షలు. అంటే రెండు పోటీల్లో కలిపి 48 సెకన్లు చూపించాక గిరాకీ దాదాపు రెట్టింపైంది. ఆ సెకన్లే ఆమె మీద కథగా మారాయి. ఈమెను ఎవరైనా ఆపగలరా అన్న ప్రశ్న అమ్ముడైంది.

అలాగని నాణ్యతకు అసలు విలువే లేదనడమూ పొరపాటే. దాని ప్రభావం ఆ రాత్రి లెక్కలో కనిపించదు, తర్వాతి రాత్రి లెక్కలో తేలుతుంది. 2015 మే 2న మేవెదర్, పాకియావ్ బాక్సింగ్ పోటీకి 46 లక్షల కొనుగోళ్లతో చరిత్రలో లేని రికార్డు వచ్చింది. ధర దాదాపు వంద డాలర్లు. ఐదేళ్లు ఎదురుచూసిన పోటీ చప్పగా సాగింది. నాలుగు నెలల తర్వాత అదే మేవెదర్ ఆండ్రె బెర్టోతో తలపడితే కొన్నవారు ఆరు లక్షలు కూడా దాటలేదని అంచనాలు. ప్రత్యర్థి చిన్నవాడు కావడం ఒక కారణమే. మేలో వంద డాలర్లు పోసి ఆవలించినవారి అలకను కూడా లెక్కలో వేసుకోవాల్సిందే. సినిమా భాషలో చెబితే ఇది గత సినిమా టాక్ ఈ సినిమా ఓపెనింగ్స్‌లో తేలడం.

తేదీ సంగతి పైకి తేలికగా కనిపించి లోపల మోసం చేస్తుంది. జూలై 4 స్వాతంత్ర్య దినోత్సవం వారంలో, డిసెంబరు చివర జరిగే కార్డులు ఎక్కువగా అమ్ముడవుతాయని పట్టిక చెబుతుంది. విద్యార్థి వెంటనే పండుగ వారానికి ఒక గుణకం రాసేస్తాడు. కానీ ఆ వారాలకు పెద్ద పోటీలను ఏరికోరి పెట్టేది నిర్వాహకులే. సంక్రాంతికి సినిమాలు బాగా ఆడతాయా, బాగా ఆడతాయనుకున్న సినిమాలనే సంక్రాంతికి దాచిపెడతారా? కేవలం వసూళ్ల పట్టిక చూసి ఈ రెండింటినీ విడదీయలేం. పెద్ద హీరో సినిమా ఊరూపేరూ లేని ఫిబ్రవరి శుక్రవారం వచ్చిన సందర్భాలు, చిన్న సినిమా పండుగకు వచ్చిన సందర్భాలు తగినన్ని దొరికితే తప్ప పండుగ బలం ఎంతో తేలదు. అలాంటివి దొరకడమే అరుదు. బెల్టు విషయమూ ఇంతే. పెద్ద కార్డులన్నిటికీ బెల్టు ఉంటుంది గనుక అమ్మింది బెల్టా, మనిషా అన్నది లెక్కలో కలిసిపోతుంది.

ఆ ముడిని విప్పిన రాత్రి ఒకటి ఉంది: 2016 మార్చి 5, యూఎఫ్‌సీ 196. ఫెదర్‌వెయిట్ (145 పౌండ్లు) బెల్టు చేతిలో ఉన్న మెక్‌గ్రెగర్ లైట్‌వెయిట్ (155 పౌండ్లు) ఛాంపియన్ రఫాయెల్ దోస్ ఆంజోస్ బెల్టు మీద కన్నేశాడు. అప్పటికి మెక్‌గ్రెగర్ ప్రధాన పోటీదారుగా నిలిచిన చివరి రెండు పే-పర్-వ్యూలకు సుమారు 8.25 లక్షలు, 12 లక్షలు వచ్చాయి. సగటు పది లక్షల పైచిలుకు. రెండో బెల్టు కోసం పోరాటం గనుక పదకొండో పన్నెండో అనుకోవచ్చు. పోటీకి పదకొండు రోజుల ముందు సాధనలో దోస్ ఆంజోస్ పాదం విరిగింది. అతని స్థానంలోకి నేట్ డియాజ్ వచ్చాడు. బరువు తగ్గే వ్యవధి లేకపోవడంతో పోటీని అనుకున్నదానికి ఒక మెట్టు పైన, 170 పౌండ్ల విభాగంలో పెట్టారు. దాంతో బెల్టు పోయింది, ఛాంపియన్ పోయాడు, ప్రచారానికి మిగిలింది వారంన్నర. విద్యార్థి పట్టికలో మూడు గడుల్లో మూడు కోతలు పడ్డాయి. లెక్క తొమ్మిది లక్షల కిందికి దిగినా ఆశ్చర్యం లేదు.

వచ్చింది 13 లక్షల పైన.

కారణాలు ఇప్పుడు చెప్పడం తేలికే. ముందటి డిసెంబరులో డియాజ్ ఒక పోటీ గెలిచి, మైకు అందుకుని మెక్‌గ్రెగర్ పేరెత్తి తిట్టిన తిట్లను టీవీవారు వినపడకుండా కోసేయాల్సి వచ్చింది. అంటే ప్రచారం పదకొండు రోజులది కాదు, దాదాపు రెండున్నర నెలలుగా సాగుతూనే ఉంది. దోస్ ఆంజోస్ మంచి ఛాంపియనే గానీ నోరు లేనివాడు. డియాజ్ మాటకు మాట అనేవాడు. పైగా అదే కార్డులో రౌసీని ఓడించిన హాలీ హోమ్ తొలిసారి బెల్టు నిలబెట్టుకోవడానికి దిగింది. మీషా టేట్ చేతిలో ఓడింది అన్నది అమ్మకానికి సంబంధం లేని విషయం. డియాజ్ రెండో రౌండ్లో మెక్‌గ్రెగర్ గొంతు బిగించి గెలిచాడు. ఆగస్టులో మళ్లీ తలపడితే 16 లక్షల చుట్టూ వచ్చాయి. ఓటమి తార విలువను తగ్గిస్తుందన్న సూత్రం కూడా అక్కడే బద్దలైంది. అయితే ఆ రెండు రాత్రుల నుంచి కొత్త సూత్రం తీసి, చివరి నిమిషం మార్పు మేలు చేస్తుందని రాసుకున్నవారు ఉంటే వారూ నష్టపోయేవారే. 2012 సెప్టెంబరు 1న జరగాల్సిన యూఎఫ్‌సీ 151లో డాన్ హెండర్సన్ గాయపడితే, బదులు వచ్చినవాడితో తలపడటానికి జాన్ జోన్స్ ఒప్పుకోలేదు. కార్డు మొత్తం రద్దయింది. ఆ వరుసలో కొనుగోళ్ల గడి ఖాళీ. సున్నా అని రాయాలా, వరుసనే తీసేయాలా అన్నది పైకి చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. తీసేస్తే గాయాల నష్టాన్ని పట్టిక ఎప్పటికీ తక్కువగానే చూపుతుంది.

పోటీ వారంలోకి వచ్చాక కొత్త ఆనవాళ్లు దొరుకుతాయి. అంతర్జాలంలో పేర్ల వెతుకులాట, ప్రచార వీడియోలు చూసినవారి సంఖ్య, ప్రధాన కార్డుకు ముందు ఉచితంగా చూపే పోటీల టీవీ రేటింగ్. తిరుపతిలో ఒక సినిమాకు రేపటి ఆటలు యాప్‌లో ఎంత త్వరగా రంగు మారుతున్నాయో చూసి అంచనా వేయడం లాంటిదే. కానీ పే-పర్-వ్యూలో ముందస్తు బుకింగ్ బలహీనం. సీటు దొరకదన్న భయం లేదు గనుక ఎక్కువమంది ఆ రోజునే కొంటారు. హాలులో అమ్మిన టికెట్ల డబ్బును చూసి ఊహిద్దామా అంటే, అక్కడ మళ్లీ కప్పు అడ్డొస్తుంది. 2016లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో యూఎఫ్‌సీ 205కు గేటు వసూలు 1.77 కోట్ల డాలర్లు. లాస్ వెగాస్‌లో యూఎఫ్‌సీ 229కు 1.72 కోట్లు. రెండు హాళ్లలోనూ ఇరవై వేల చిల్లర జనం. గేటు చూస్తే మొదటిదే కాస్త పెద్దది. పే-పర్-వ్యూలో మొదటిదానికి 13 లక్షలు, రెండోదానికి 24. సీట్లు నిండిపోయిన తర్వాత పొంగిన గిరాకీ అంతా ఇళ్లలో తేలింది.

ఇక ఈ అంకెలే ఎంతవరకు నమ్మదగినవి? ఇంతదాకా చెప్పిన కొనుగోళ్లలో చాలావరకు అంచనాలే. కేబుల్ కంపెనీలు, ఉపగ్రహ ప్రసార సంస్థలు ఎవరి లెక్కలు వారు పంపేవి. కొన్ని త్వరగా, కొన్ని వారాల తర్వాత. ఆ మనుషులతో మాట్లాడి డేవ్ మెల్ట్జర్ లాంటి పాత్రికేయులు తమ వార్తాలేఖల్లో అంకెలు ఇచ్చేవారు. అవి 3,00,000, 3,25,000 అంటూ గుండ్రంగా ఉండటానికి కారణం అదే. తెలుగు సినిమా లెక్కలు చదివేవారికి ఇది కొత్త కాదు. నిర్మాత పోస్టర్ మీద ఒక వసూలు ఉంటుంది, ట్రేడ్ చెప్పేది ఇంకొకటి, పంపిణీదారు చేతికి వచ్చిన షేర్ మరొకటి. ఫైట్లలో పోస్టర్ లెక్క బెడద 2019 తర్వాత పెరిగింది. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి అమెరికాలో యూఎఫ్‌సీ పే-పర్-వ్యూలు ఈఎస్‌పీఎన్ ప్లస్ ఒక్కదానిలోనే వచ్చాయి. ముందు దానికి చందా కట్టాలి, తర్వాత కార్డుకు విడిగా కట్టాలి. కేబుల్ కంపెనీలన్నీ పక్కకు తప్పుకోవడంతో అంకెలు బయటికి పొక్కే దారులు మూసుకుపోయాయి. మంచి అమ్మకం జరిగినప్పుడు మాత్రం అంకె బయటికి వచ్చేది, పడిపోయినప్పుడు మౌనం. హిట్టు సినిమాలకే వసూళ్ల పోస్టర్ వేస్తారు. ఆ పోస్టర్లను మాత్రమే ఏరుకుని పట్టిక నింపితే పరిశ్రమలో ఫ్లాపులే లేవని తేలుతుంది.

అంకె ఇంత మసకగా ఉన్నా దాని మీద మనుషుల బతుకులు ఆధారపడ్డాయి. ఫైటర్ ఎడ్డీ అల్వారెజ్‌కు యూఎఫ్‌సీ ఇవ్వజూపిన ఒప్పందం కోర్టు వివాదంలో భాగంగా 2013లో బయటపడింది. అందులో లెక్క ఇలా ఉంది: రెండు లక్షల కొనుగోళ్ల వరకు ఏమీ లేదు. రెండు నుంచి నాలుగు లక్షల మధ్య ప్రతి కొనుగోలుకు ఒక డాలరు. నాలుగు నుంచి ఆరు లక్షల మధ్య రెండు డాలర్లు. ఆరు లక్షలు దాటాక రెండున్నర. దీన్ని చేత్తో కట్టి చూస్తే అంచనా ఎందుకు అవసరమో తెలుస్తుంది. కార్డు 1,90,000 అమ్మితే ఫైటర్‌కు వాటా సున్నా. మూడు లక్షలు అమ్మితే లక్ష డాలర్లు. ఎనిమిది లక్షలు అమ్మితే మొదటి మెట్టు మీద రెండు లక్షలు, రెండో మెట్టు మీద నాలుగు లక్షలు, మూడో మెట్టు మీద ఐదు లక్షలు, మొత్తం పదకొండు లక్షల డాలర్లు. మూడు లక్షల నుంచి ఎనిమిది లక్షలకు అమ్మకాలు రెండున్నర రెట్లకు కాస్త పైన పెరిగితే వాటా పదకొండు రెట్లు పెరిగింది. కనుక ఫైటర్‌కు కావాల్సింది తెలివైన ప్రత్యర్థి కంటే అమ్ముడయ్యే ప్రత్యర్థి. మర్యాదస్తుడిగా ఉండే ఛాంపియన్ పత్రికా సమావేశంలో హఠాత్తుగా కుర్చీ విసిరేస్తే, ఆ కోపం వెనుక ఈ మెట్ల లెక్క లేదని అనుకోవడం అమాయకత్వం. తమకు దక్కాల్సింది దక్కలేదని ఫైటర్లు 2014లో వేసిన గుత్తాధిపత్యం కేసు 2025లో 37.5 కోట్ల డాలర్ల పరిష్కారంతో ముగిసింది. ఆ కేసు విచారణలో వెలుగులోకి వచ్చిన సంస్థ పత్రాలే ఈ వ్యాపారం లోపలి లెక్కలను బయటివారికి కొంత చూపించాయి.

ధర ప్రభావం అన్నింటికంటే తక్కువగా అర్థమైన భాగం. 2019లో 59.99 డాలర్లున్న కార్డు 2023 నాటికి 79.99కి చేరింది. ధర పెరిగితే కొనుగోళ్లు తగ్గాలి. కానీ ఒక కొనుగోలు అంటే ఒక మనిషి కాదు, ఒక ఇల్లు. ఎనభై డాలర్లయినా ఎనిమిదిమంది చేరి తలా పది వేసుకుంటే బరువు తెలియదు. చంద్రగిరి దగ్గర రంగంపేటలో సంక్రాంతి పశువుల పండగకు మిద్దె ఉన్న ఇంటికి ఆ రోజు వచ్చే చుట్టాల సంఖ్య గుర్తు చేసుకుంటే చాలు, వీధిలోకి దిగేవారు కొందరు, మిద్దెల మీద చూసేవారు వందలు. ధర పెంచినప్పుడు అమెరికాలో మిద్దె మీది జనం పెరిగి ఉండవచ్చు. చూసినవారు తగ్గకుండానే కొన్నవారు తగ్గవచ్చు. ఒక ఇంటికి ఎంతమంది చేరారన్నది ఏ పట్టికలోనూ లేని నిలువు వరుస.

తిరుపతిలో ఈ పోటీలు ఆదివారం ఉదయం కార్యక్రమం. పే-పర్-వ్యూ రోజుల్లో అమెరికా తూర్పు తీరంలో శనివారం రాత్రి పదింటికి మొదలయ్యే ప్రధాన కార్డు వేసవిలో ఇక్కడ ఉదయం ఏడున్నరకు, చలికాలంలో ఎనిమిదిన్నరకు వచ్చేది. హాస్టల్ గదిలో ఒక ల్యాప్‌టాప్ చుట్టూ ఐదారుగురు, మెస్ నుంచి తెచ్చిన ఇడ్లీ పొట్లాలు, రెండో రౌండుకు చల్లారిపోయిన టీ. మన దేశంలో ఇవి కొన్నేళ్లుగా సోనీ క్రీడా ఛానెళ్లలో మామూలు చందాతోనే వచ్చాయి. కార్డుకు విడిగా కట్టాల్సిన పని లేదు. 2024 జూన్‌లో పూజా తోమర్ యూఎఫ్‌సీలో గెలిచిన తొలి భారతీయ మహిళ అయినప్పుడు కూడా ఆ గెలుపు అమెరికా కొనుగోళ్ల లెక్కలోకి రాలేదు. ఐదారుగురు చూసిన ఈ గది ఆ పట్టికలో ఎక్కడా లేదు, ఎప్పుడూ లేదు.

ఇప్పుడు ఆ పట్టికే ఆగిపోయింది. 2025 ఆగస్టులో పారామౌంట్ సంస్థ ఏడేళ్లకు 770 కోట్ల డాలర్లతో యూఎఫ్‌సీ అమెరికా హక్కులను కొన్నది. 2026 నుంచి అక్కడ పే-పర్-వ్యూ లేదు. పెద్ద కార్డులు కూడా పారామౌంట్ ప్లస్ చందాలోనే వస్తాయి. అంటే సీడెడ్‌కు హక్కులు అమ్మే రోజులు పోయి, సినిమా మొత్తాన్ని ఓటీటీకి ఒకేసారి అమ్మేసినట్టు. ఈ రాత్రి ఎంతమంది కొంటారన్న ప్రశ్న పోయి, వచ్చే నెల ఎంతమంది చందా మానుకోకుండా ఉంటారన్న ప్రశ్న వచ్చింది. దానికి ఒక్క తార సరిపోడు. నెలనెలా ఏదో ఒకటి కదులుతూ ఉండాలి. జాన్సన్ లాంటి నిలకడైన ఛాంపియన్‌కు ఈ కొత్త లెక్కలో పాతదానికంటే ఎక్కువ విలువ కట్టవచ్చు, కట్టకపోవచ్చు. ఆ అంకె పారామౌంట్ గోడ దాటి బయటికి వచ్చే దారి అయితే కనిపించడం లేదు. విద్యార్థి పట్టికలో 2026 జనవరి నుంచి వరుసలు చేరుతూనే ఉంటాయి: పేర్లు, తేదీ, బెల్టు, గేటు వసూలు. కొనుగోళ్లు అని శీర్షిక ఉన్న నిలువు వరుసలో మాత్రం గీత పడుతుంది. కొనుగోలుకు ఇంత అని మెట్లు కట్టి రాసుకున్న పాత తరహా ఒప్పందానికి కూడా లెక్కపెట్టడానికి అక్కడ ఏమీ మిగల్లేదు.